సగటున కరెంటు బాగానే ఉంది

కంప్యూటర్ గది ముందు చెప్పులు విడవమన్నారు. గుడి ముందు కూడా విడవని మనిషిని నేను. ఎందుకని అడిగితే, "దుమ్ము పోతది సార్, మిషిని ఖరాబైతది" అన్నాడు ఇంజనీరు. తలుపు సందులోంచి చూశాను. ఆ యంత్రం నుదుట కుంకుమ బొట్టు, దాని మీద దసరానాటి ఎండిన బంతిపూల దండ. దండ నుంచి రాలే రేకులు దుమ్ము కాదు కాబోలు. వాదన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ రోజు నాకు కావలసింది వాదన కాదు, కాగితం.

తొంభైల మొదట్లో మాట. ఏ ఊరి కరెంటు ఆఫీసో చెప్పను.

మంథని దిక్కు ఒక ఊళ్లో మా అక్కను ఇచ్చాం. ఆ యాసంగి పంటకాలంలో, అంటే రబీలో, అక్కడ బావుల దగ్గర మోటార్లు ఒకదాని వెనక ఒకటి కాలిపోయాయి. ఒక్క మోటారు మాత్రం కాలలేదు. అది మొగుడు చచ్చిపోయిన ఒక ముసలామెది. అదే ట్రాన్స్‌ఫార్మరు, అదే తీగ, ఆమెదొక్కటే బాగుంది. ఇంకేం కావాలి? ఆమె మంత్రాలు చేస్తున్నదన్నారు.

ఈ సంగతి చెప్పడానికి మా బావ కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగేదాకా వానల గురించీ పిల్లల గురించీ మాట్లాడి, లేవబోతూ అన్నాడు.

"బామ్మర్ది, మైకు వట్టుకొని దయ్యాల్లేవు, బూతాల్లేవు అని ఊర్లు తిరుగుతవు గదా. మా ఊరికొచ్చి జర చెప్పు. ఆదివారం ముసల్దాని పండ్లు పీకుతరట."

పళ్లు పీకేస్తే నోట మంత్రం సరిగ్గా పలకదట, పలకని మంత్రం పారదట. వానాకాలం నాట్లు పడకముందే ఆ పని కానిచ్చేయాలని ఊరు అనుకుంది.

"నువ్వేమంటున్నావు బావా?"

"నేనేమంట? నా మోటరు రెండుసార్లు గాలింది. మీ అక్క ముందట గవన్ని ఒట్టి ముచ్చట్లే అంట. బాయికాడ ఒక్కన్నే ఉన్నప్పుడు మాత్రం..." అని ఆగిపోయాడు.

నా అనుమానం కరెంటు మీద. అక్కడ కరెంటు వంతులవారీగా ఇస్తారు. వంతు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక, బావి దగ్గర కాపలా కాయలేక, దాదాపు ప్రతి రైతూ ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకున్నాడు. తీగలోకి కరెంటు రావడమే ఆలస్యం, మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఓల్టేజీ కుంగుతుంది, మోటారు మూలుగుతుంది, లోపలి రాగితీగ చుట్టలు వేడెక్కి కాలుతాయి. ఇందులో మంత్రం ఏముంది? ఓల్టేజీ పడిపోయిందని ఆఫీసు కాగితం ఒకటి తెచ్చి పంచాయతీలో చదివితే చాలు, ముసలామె పళ్లు దక్కుతాయనుకున్నాను.

ఇంజనీరు నడిపిన ప్రింటరు కీచుకీచుమంటూ రెండు అంచులా చిల్లులున్న పొడుగాటి కాగితాన్ని కక్కింది. యాసంగి మొత్తానికి నెలకొక్క అంకె. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి.

"నెల లెక్క కాదండీ. మోటార్లు కాలిన రోజుల్లో గంటగంటకూ ఎంత ఉందో కావాలి."

"గా లెక్క లేదు సార్. సబ్‌స్టేషన్ల గంటగంటకు రాస్తరు, మేం మిషిని లోపట ఎక్కిస్తం. నెల దాటంగనే మిషినే రోజుకొక సగటు చేస్తది. ఇంకొన్నొద్దులైతే నెలకొక సగటు. పాతయి తుడిచేస్తది."

"ఎవరు తుడవమన్నారు?"

"ఎవలో చెప్పుడేంది సార్? డిస్కుల జాగ లేదు."

"మరి సబ్‌స్టేషన్ వాళ్లు రాసిన కాగితాలు?"

"చెద వట్టినయ్. ఎక్కిచ్చినంక ఇగ ఎందుకని కాలవెట్టినం."

వేదికల మీద ఎదుటివాడిని నిలదీసే అలవాటు నాది. ఆ గంటల లెక్క ఉంటే మాట పడేది ఎవరు? మీరే కదా? పోతే లాభం ఎవరికి? మీకే కదా? ఆయన మొహం చిన్నబోయింది.

"ఒక్క అంకె తప్పున్నా చెవి కోసుకుంట సార్. ఈ నెల గంటల లెక్క ఇంకా ఉన్నది, మీరే కూడి చూస్కోండ్రి."

కూడి చూశాను, భాగించాను. తప్పు లేదు. కానీ అది పంటలు కోసేశాక మోటార్లన్నీ పడుకున్న నెల. దానితో నాకేం పని?

నేను కూడుతున్నంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "యాసంగిల ఓల్టేజీ పడుతదని నాకు తెల్వదా సార్? మోటర్లు నడిచినప్పుడు కిందికి గుంజుతది. అవి బందైనంక ఇండ్లల్ల ఉత్త బుగ్గలే వెలుగుతుంటయి, పైకి పొంగుతది. రెండు కలిపితే నడుమ సక్కగ కూసుంటది. మీరు కాగితం అడిగిండ్రు, కాగితం ఇచ్చిన. మొన్న గా ఊరి పటేలు గూడ అడిగిండు. గిదే ఇచ్చిన."

నా చేతిలో కాగితం అప్పుడు బరువెక్కింది.

మోసగాడిని పట్టుకోవడం నాకు తెలుసు. నిమ్మకాయలో సూది దాచేవాడినీ, అరచేతిలో విభూది పుట్టించేవాడినీ పట్టుకున్నాను. ఇక్కడ పట్టుకోవడానికి చెయ్యి కనిపించలేదు. రాసినవాడు నిజమే రాశాడు, ఎక్కించినవాడు నిజమే ఎక్కించాడు, భాగహారం తప్పలేదు. అయినా చివరికి వచ్చింది అబద్ధం. ఎవరూ ఆడని అబద్ధం మీద నాకు ఆనాటి నుంచీ ఎక్కువ అనుమానం. అది ఎప్పుడూ ఒకే పక్షానికి ఎందుకు ఉపయోగపడుతుంది? పెద్ద లెక్కలో కలిసిపోయేది ఎప్పుడూ చిన్నవాడి కష్టకాలమే ఎందుకవుతుంది?

ఆదివారం బడి ముందు ఊరంతా కూడింది. పటేలు కుర్చీలో కూర్చుని ఆ కాగితం విప్పాడు. ముసలామె బడి గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"సారూ, గిది నేను రాసింది కాదు. సదువుకున్నోళ్ల మిషిని రాసింది. యాసంగి అంత కరెంటు సక్కగ ఉన్నదంటున్నది. కరెంటు మంచిగుంటే మోటర్లెందుకు గాలినయ్? రుజువు సూపెట్టు, రుజువు సూపెట్టు అని మీరే అంటరు గదా. ఇగో, సూడుండ్రి."

సగటంటే ఏమిటో చెప్పుకొచ్చాను. బడిలో పాఠం చెప్పినట్టే ఉంది, పిల్లలు విన్నట్టే విన్నారు. వెనక ఎవరో ఆవులించారు. అప్పుడు మా బావ తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

"పటేలా, ఒక్క మాట. నిరుడు కరువు రాయుమని పోతే మండలాఫీసుల ఏమన్నరు మనల్ని? సాలుకు పడాల్సిన వాన పడ్డది, ఇగ కరువేందన్నరు. నాట్లప్పుడు సుక్క లేకపాయె. కోతలప్పుడు కల్లాలు కొట్టుకపాయె. లెక్కల మాత్రం వాన నిండుగున్నది. గీ కరెంటు కాగితం సూస్తుంటే నాకు గా వాన కాగితమే యాదికొస్తుంది."

జనం నవ్వారు. ఒకడు మండలాఫీసును బూతు తిట్టాడు. నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది అందరికీ ఒక్కసారే ఎక్కింది. పటేలు కాగితం మడిచాడు, కానీ కుర్చీలోంచి లేవలేదు.

"సరే, కాగితం ఇడిసిపెడుదాం. మరి ఆమెదొక్కటే ఎందుకు గాలలే?"

"ఆమెకు ఆటోమేటిక్ లేదు. వంట చేసుకుని బావి దగ్గరికి వెళ్లి చేత్తో వేసుకుంటుంది. అప్పటికి నీళ్లు పారడం అయిపోయి సగం మోటార్లు ఆగిపోతాయి. ఓల్టేజీ లేస్తుంది."

"అయితే ఆటోమేటిక్ పెడితే ఆమెది గూడ గాలుతదా?"

"కాలుతుంది" అన్నాను. వాదంలో ప్రశ్న వస్తే జవాబు వెంటనే ఇవ్వాలని నేర్చుకున్నవాడిని. ఏం పందెం కాశానో నోరు జారాక అర్థమైంది.

ముసలామె కొంగు తీసింది. "పెట్టుండ్రి మరి. కాలితే కాలనియ్యిండ్రి."

"అవ్వా, నీ నాట్లు ఎండిపోతాయి" అన్నాను.

"ఎండితే మల్ల ఏసుకుంట కొడుకా. పండ్లు మల్ల మొలుస్తయా?"

పటేలు నాట్లు అయ్యేదాకా ఆగుదామన్నాడు. మోటారు రిపేరుకు పోయి మా బావ స్టార్టర్ ఊరికే ఉంది. దాన్నే తెచ్చి ఆమెకు బిగించాడు. నేను కరీంనగర్ తిరిగొచ్చి రోజూ ఒకటే అనుకునేవాడిని. జీవితంలో మొదటిసారి ఒక పేదరాలి మోటారు కాలాలని కోరుకుంటున్నాను. కాలకపోతే? ఏ కారణం చేతనో నిలబడితే? నా తర్కానికి ఆమె పళ్లు తాకట్టు పెట్టి వచ్చాను.

నాట్ల నడుమ కబురొచ్చింది, కాలిందని. పోయి చూస్తే ఆమె ఇంటి అరుగు నిండా ఆడవాళ్లు. నెలల తరబడి ఆ గడప తొక్కనివాళ్లే. ఒకామె కూర గిన్నె తెచ్చింది, ఇంకొకామె "నాది కాలినప్పుడు నేను గూడ గిట్లనే ఏడ్సిన" అంటోంది. ముసలామె ఏడవడం లేదు. పొగ ఎట్లా వచ్చిందో, ఎంత వాసన కొట్టిందో నోరారా చెబుతూ నవ్వుతోంది. వెనక పొలంలో నారు పసుపుపచ్చగా వాలిపోయి ఉంది.

"గెలిచినవు బామ్మర్ది" అన్నాడు బావ.

వీళ్లు తర్కానికి లొంగారా, తమలాగే ఆమె కూడా నష్టపోయిందన్న తృప్తికి లొంగారా? నాకు ఇప్పటికీ అనుమానమే.

ముసలామె బావ వైపు తిరిగింది. "ఇగ నీ ఆటోమేటిక్ ఇప్పుకపో అయ్యా. మోటరు జేపిచ్చుకున్నంక ఎప్పటిలెక్కనే చేత్తోని ఏసుకుంట."

కూర తెచ్చినామె చప్పున ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. మాటలో కల్మషం లేదు, ప్రేమగానే అంది.

"తీయకే అవ్వా, ఉండనియ్యి. మల్ల నీదొక్కటే గాలకుంటే ఎట్ల?"

ముసలామె నవ్వు ఆపి కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.