నల్లపూసల అవ్వ చేతి బడి

జమ్మలమడుగు దగ్గరి మా పల్లెలో పార్టీ గొడవలకు జడిసి ప్రొద్దుటూరుకు మకాం మార్చాను. ఊరు మారినా భయం మారలేదు. ఎలక్షన్లు వచ్చాయంటే చాలు, ఐదేళ్ల కూతుర్ని గడప దాటనిచ్చేవాణ్ణి కాదు. కొత్తగా ఇంటర్నెట్ పెట్టించిన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవాణ్ణి. మౌస్ పట్టుకుని అది చకచకా బొమ్మలు కదిలిస్తుంటే మురిసిపోయి, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపించేవాణ్ణి.

బడిలో టీచరమ్మ ఆ మురిపెం మీద నీళ్లు చల్లింది. పిల్లకు పెన్సిల్ పట్టు కుదరడం లేదట, గౌను గుండీ పెట్టుకోవడం రాదట. వేసవి సెలవుల తర్వాతా ఇలాగే ఉంటే ఒకటో తరగతిలో చేర్చుకోవడం కుదరదంది.

మా ఎదురింటి అవ్వ బంగారు అంగళ్లవాళ్లిచ్చే నల్లపూసలను దారానికి గుచ్చి బతికేది. నా గోడు విని, పిల్ల వేళ్లు పట్టి చూసింది.

"ఏందప్పా, బిడ్డను ఇంట్లో మూసిపెట్టి చేతి యేళ్లు ఇట్ల చేస్తివే! రేపట్నుంచి ఈడికి పంపు."

"బయట గొడవలు జరుగుతాండాయి కదవ్వా" అన్నాను.

"నేను కాపురానికొచ్చినప్పట్నుంచి జరుగుతానే ఉండాయి. పూసలు గుచ్చేది నేనేమన్నా ఆపితినా?"

మొదట చింతగింజలు ఏరించింది. తర్వాత పెద్ద పూసలు, ఆ తర్వాతే నల్లపూసలు. పిల్ల కింద పోస్తే కసిరేది కాదు, నవ్వుతూ దాని చేతనే ఏరించేది. ఒక్కటే పట్టింపు: తాళిబొట్టుకు పోయే పూసలు కాబట్టి, మొదలుపెట్టిన పోగు సగంలో వదలకూడదు. అక్షరం రాని ఆమె ఓర్పుకు దండం పెట్టాలనిపించేది. కన్నతండ్రిని, నాకే అంత ఓర్పు లేదు.

ఓట్ల లెక్కింపు రోజు వీధి చివర రెండు పార్టీలవాళ్లు రాళ్లు రువ్వుకున్నారు. పరుగున పోయి అవ్వ తలుపు బాదాను. తెరిచింది. నా కూతురు చాప మీద కూర్చుని, పులివెందుల పెళ్లివారి పోగు గుచ్చుతోంది. ఇంటికి పోదాం పదమని రెక్క పట్టుకోబోయాను.

"ఆగు నాయనా, ఇంగ నాలుగు పూసలుండాయి. సగంలో ఇడ్సగూడదు" అంది నా కూతురు.

అవ్వ గడియ వేసి, నన్నూ కూర్చోమని సైగ చేసింది. బయట కేకలు దగ్గరవుతున్నాయి. పిల్ల నాలుగు పూసలూ ఎక్కించి, ముడి కూడా తనే వేసింది. టీచరమ్మ ఏమంటుందోనన్న దిగులు నాకు ఆ చాప మీదే తీరిపోయింది. అప్పుడు ఆ ఇంట్లో వణుకుతున్నవి నా చేతులే.