కనబడుతున్నాయని చెప్పిన రోజు

సిద్దిపేటలో మా ముందరి గదిలో కిరాయికున్న పిల్లది వెబ్‌సైట్లలో అక్షరాలు ముసలి కళ్లకూ కనబడేలా రంగులు సరిచూసే పని. పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి ఎండలో నా పక్కన కూర్చునేది.

"అవ్వా, అక్షరాలు కనవడుతున్నయా?"

"నాకు సదువు రాదు గదనే."

"సదువకు. కనవడితే సాలు."

"తెల్లగోడకు బూడిద పూసినట్టున్నది."

వెంటనే ఫోన్లో ఆఫీసోళ్లతో కొట్లాడేది. "మా అవ్వకు కనవడ్తలేవు సార్, రంగు మార్చాలె!" మా ఆయన పోయాక నా కోసం కొట్లాడింది ఆ పిల్లొక్కతే.

ఈ పని అయిపోతే పట్నం పోతానని ముందే చెప్పింది. ఒకరోజు అక్షరాలు నల్లగా నిలిచాయి. కనబడడం లేదని చెబితే ఇంకొన్నాళ్లు ఉండేదేమో.

"కనవడుతున్నయి బిడ్డా" అన్నాను.

సాయంత్రం ఆ గదికి నేనే తాళం వేశాను.