వెనక నడిచే వారం

"ఆవిడ మార్కెట్ దగ్గర దిగడం మర్చిపోతే? బస్సు అలాగే ఊరి చివర డిపోకి పోతుంది మేడమ్. అక్కడ ఎవర్ని అడుగుతుంది? ఏ భాషలో అడుగుతుంది?"

పచ్చ సంచి పిల్ల ఈ మాట అని, కళ్ళు తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. వార్డెనక్క కుర్చీలోంచి కదల్లేదు. వాచిన కాళ్ళని ఖాళీ అట్టపెట్టె మీద చాపుకుని, ఫ్లాస్కు మూతలోకి టీ వొంపుకుంటోంది.

"డిపోలో ఉండేది మనుషులేగానీ పులులు కాదు. ఆ సంగతి అలా ఉంచు. శుక్రవారంతో నీ పని అయిపోతుందని ఆవిడకి చెప్పావా?"

పిల్ల సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

"చెప్పలేదన్నమాట" అని వార్డెనక్క నావైపు తిరిగింది. "చూశావా తమ్ముడూ, ప్రతి టర్మూ ఇదే భాగోతం."

వార్డెనక్క పనిచేసే ఆ రెండు గదులూ మా ఆరోగ్య కేంద్రం పై అంతస్తులో ఉన్నాయి. సొంత దేశంలో బతకలేక పారిపోయి వచ్చిన కుటుంబాలకి ఇక్కడ ఇల్లు చూపించి, పిల్లల్ని బళ్ళో వేయించి, పెద్దవాళ్ళని ఏదో ఒక పనిలో కుదిర్చే ఆఫీసు అది. కింద ల్యాబ్‌లో వాళ్ళ రక్తపరీక్షలు చేసేది నేను. రిపోర్టులు ఇచ్చే వంకన పైకి వెళ్ళి ఆవిడ టీలో సగం తాగి రావడం నాకు అలవాటు.

ఆఫీసులో జీతగాళ్ళు తక్కువ. కాళ్ళరిగేలా తిరిగే పనంతా కాలేజీ పిల్లలది. చదువులో భాగంగా టర్ముకి కొందరు చొప్పున ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో కుటుంబాన్ని అప్పగిస్తారు. పొయ్యి వెలిగించడం, బస్సు ఎక్కడం, ఆస్పత్రిలో ఏ గదికి పోవాలో కనుక్కోవడం, అన్నీ ఆ విద్యార్థే నేర్పాలి. విద్యార్థులకి నేర్పేది వార్డెనక్క. వాళ్ళకి పని పట్టుబడేసరికి టర్ము అయిపోతుంది. మళ్ళీ కొత్త మొహాలు, మళ్ళీ మొదటి పాఠం. అందుకే ఆవిడ ఎవరి పేరూ గుర్తుపెట్టుకోదు. సంచి రంగుతోనో, చెప్పుల మోతతోనో పిలుస్తుంది. పిల్లలూ తక్కువవాళ్ళేం కాదు, చాటుగా ఆవిడకి "బడిగంట" అని పేరు పెట్టుకున్నారు.

అంతకు ముందు చాలా ఏళ్ళు ఆవిడ పిల్లల హాస్టల్లో వార్డెన్. హాస్టల్ మూతపడ్డాక ఇక్కడ చేరింది. పెళ్ళయిన కొత్తలోనే భర్త వేరే కాపురం పెట్టుకున్నాడట. ఆ సంగతి ఆవిడ ఇల్లు మారినంత మామూలుగా చెబుతుంది. ఇప్పుడు చెల్లెలితో ఉంటోంది. ఇంటికెళ్ళి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం, చెల్లెలితో చీవాట్లు తినడం, ఆవిడ సాయంత్రాలు ఇంతే. "మానెయ్యొచ్చు కదక్కా" అంటే, "మానేస్తే మా చెల్లెల్ని పగలు కూడా భరించాలి" అంటుంది.

ఆవిడ పద్ధతి ఒకటుంది. మొదట్లో విద్యార్థి ముందు నడవాలి, కుటుంబం వెనక రావాలి. కొన్నాళ్ళకి పక్కపక్కన నడవాలి. చివరి వారం విద్యార్థి వెనక నడవాలి. వాళ్ళు దారి తప్పుతున్నా నోరు మెదపకూడదు, తప్పామని వాళ్ళంతట వాళ్ళే తెలుసుకోవాలి. పచ్చ సంచి పిల్ల ఆ వెనక నడిచే దశకి చేరనే లేదు. తనకి అప్పగించినావిడ తడబడుతుంటే చూడలేక, చివరిదాకా చెయ్యి పట్టుకునే నడిపించింది. బస్సు ఆపేదీ, దిగే చోటు చెప్పేదీ, కౌంటర్లో మాట్లాడేదీ ఈ పిల్లే.

ఆ కుటుంబమంటే ఒక తల్లీ, మూడేళ్ళ కూతురూ. తల్లి వాళ్ళ దేశంలో దర్జీ పని చేసేది. ఇక్కడ ఎంతో తిరిగాక ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని దొరికింది. సోమవారం చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆమె ఇంటి అద్దె ఆఫీసు భరించే గడువు కూడా దగ్గర పడింది. లాండ్రీకి రెండు బస్సులు. మారాల్సిన చోటు మార్కెట్.

"చెబితే అసలు పనికే వెళ్ళనంటుంది మేడమ్. సోమవారం నేను రాకపోతే ఎలాగూ తనే వెళ్తుంది కదా అని..."

"ఎలా వెళ్తుంది? కిటికీ దగ్గర నీకోసం చూస్తూ కూర్చుంటుంది. నువ్వు రావని తెలిసేసరికి బస్సు వెళ్ళిపోతుంది."

అప్పుడే జేబులో నా ఫోన్ మోగింది. ఉలిక్కిపడి తీశాను. ఏదో ప్రకటన.

"మీ పాప క్రెష్ నుంచి అనుకున్నావా? ఫోన్ వస్తే భయం, రాకపోతే భయం. నీ రక్తం కూడా ఓసారి పరీక్ష చేసుకో" అంది వార్డెనక్క. తర్వాత గొంతు తగ్గించి పిల్లతో అంది: "హాస్టల్లో దింపడానికొచ్చిన అమ్మానాన్నలు, బిస్కెట్లు కొనుక్కొస్తామని చెప్పి వెనక గేటు నుంచి పోయేవాళ్ళు. ఏడుపు చూడలేక. ఆ ఏడుపంతా నా ఒళ్ళో పడేది. ఆ పిల్లలు నెలల తరబడి బిస్కెట్ ముట్టలేదు. మొహం మీద చెప్పి, ఏడిపించి వెళ్ళినవాళ్ళ పిల్లలు ఆ పూటే అన్నం తిన్నారు. పో, చెప్పిరా. నేను మెట్ల మీద ఉంటాను."

ఇద్దరూ శుక్రవారం వెళ్ళి చెప్పారు. దర్జీ ఆవిడ ముందు నవ్విందట. అర్థం కాలేదేమోనని పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి నవ్వు ఆగిపోయింది. కూతురికి పిల్ల కొనిచ్చిన బొమ్మని తెచ్చి, తిరిగి పచ్చ సంచి పిల్ల చేతిలోనే పెట్టి, తలుపేసుకుంది. శనివారం వార్డెనక్క వెళ్ళి తట్టింది. ఆదివారం మళ్ళీ తట్టింది. లోపల చిన్నదాని మాటలు వినబడుతున్నాయి కానీ తలుపు తెరుచుకోలేదు.

సోమవారం పొద్దున మా పాపని క్రెష్‌లో దింపి వస్తున్నాను. క్రెష్ ముందున్న బస్ స్టాప్‌కి ఎదురుగా, మూసి ఉన్న కొట్టు మెట్ల మీద వార్డెనక్క కూర్చుని ఉంది.

"దర్జీ ఆవిడ కూతురు లోపల కనబడిందా?" అని అడిగింది. ఆ చిన్నదాన్నీ అదే క్రెష్‌లో చేర్చారు.

"లేదక్కా. ఇంకా రాలేదు. ఇంటికెళ్ళి పిలవచ్చుగా?"

"పిలిస్తే వస్తుంది. రేపూ పిలవాలి, ఎల్లుండీ పిలవాలి. నా మోకాళ్ళు చూశావా?"

బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. అది మలుపు తిరిగేదాకా వార్డెనక్క దాని వీపు చూస్తూనే ఉంది. "నావల్ల కాదిక తమ్ముడూ" అంది. ఎప్పటిలా చివర ఏ వేళాకోళమూ తగిలించలేదు. నేనూ పక్కన కూర్చున్నాను.

కాసేపటికి వీధి చివర దర్జీ ఆవిడ కనబడింది. మొండికేస్తున్న కూతుర్ని చంకనేసుకుని గబగబా నడుస్తోంది. క్రెష్ లోపలికి వెళ్ళింది. ఏడుపు రోడ్డు దాకా వినబడింది. ఒక్కతే బయటికి వచ్చి స్టాప్‌లో నిలబడింది. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. రోడ్డుకి ఇవతల ఉన్న మమ్మల్ని చూసింది. వార్డెనక్క చెయ్యెత్తింది. ఆమె మొహం తిప్పేసుకుంది. తర్వాతి బస్సు కనబడగానే తనే చెయ్యి చాపి ఆపింది. ఎక్కింది.

"మొహం తిప్పుకుందేంటక్కా?"

"తిప్పుకోనీ. కోపంతోనైనా ఎక్కింది కదా." లేవడానికి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది.

ఆమె మార్కెట్ దగ్గర దిగనే లేదట. డిపో దాకా పోయి, లాండ్రీ పేరు మళ్ళీ మళ్ళీ చెబుతూ, ఎవరో చూపించిన బస్సెక్కి, ఆలస్యంగా చేరింది. మొదటి రోజని వాళ్ళు ఊరుకున్నారు. మధ్యాహ్నం ఈ కబురు ఫోన్లో విని, వార్డెనక్క టీ పూర్తిగా నాకే వదిలేసి, బల్ల మీద తల ఆన్చి కళ్ళు మూసుకుంది. వచ్చే వారం కొత్త పిల్లలు వస్తారు.

ఆవిడ నిద్రపోలేదని తెలిసి నా గోడు వెళ్ళబోసుకున్నాను. క్రెష్‌లో ఆయా మా పాపకి బొమ్మ చూపిస్తుంది, అది అటు తిరగగానే నేను జారుకుంటాను. ఏడుస్తూ ఊపిరి బిగబట్టేస్తుందేమోనని భయం. అలా జరిగినా ప్రమాదమేమీ ఉండదని చదివాను, అయినా భయమే. ఈమధ్య ఇంట్లో నేను స్నానానికి వెళ్ళినా తలుపు బాదుతోంది.

వార్డెనక్క కళ్ళు తెరవకుండానే చెప్పింది. "బాదదూ మరి? నువ్వు ఎటునుంచి మాయమవుతావో దానికేం తెలుసు? కళ్ళల్లోకి చూసి, వెళ్తున్నానని చెప్పు. నిద్ర లేచి పాలు తాగాక వస్తానని చెప్పు. ఏడిస్తే ఏడవనీ. వెనక్కి వచ్చి కిటికీలోంచి తొంగి చూడకు. చెప్పిన వేళకి మాత్రం చచ్చినా రా."

అప్పట్నుంచీ చెప్పే వెళ్తున్నాను. పాప ఏడుపు ఇంకా మానలేదు. నేను తొంగి చూడటం మానేశాను. పాలు తాగే వేళకి గుమ్మంలో ఉంటున్నాను.