కవితాళ పెళ్లిలో వంగిన ప్లేట్లు

వేడెక్కిన దుమ్ము వాసనా, చీకిన అట్ట కవర్ల వాసనా కలిసి ముక్కుకు తగులుతుండగా, రేడియో రిపేరు సాబ్ తిరుగుతున్న గ్రామఫోను ప్లేటు మీదికి సూదిని ఎత్తి పట్టుకుని "అమ్మా, మీరే పెట్టుండ్రి" అన్నాడు. మా పెద్దమ్మ చెయ్యి సగందాకా పోయి ఆగింది, తర్వాత మెల్లగా కొంగులోకి వెనక్కి వచ్చేసింది.

"వద్దు నాయనా. నా చెయ్యి తగిల్తే ప్లేట్లు పాడైతయి."

సాబ్ అది తమాషా మాటనుకుని నవ్వాడు. బాగా పాడే రికార్డు ప్లేయరూ, ట్రంకుపెట్టెడు పాత ప్లేట్లూ ఒక్కచోట దొరకడం ఈ రోజుల్లో రాయచూరులో అరుదు. ఆయన చెప్పిన ధర నా పెన్షనుకు బరువే, అయినా కొనాలనే పోయాను. కానీ ఆ మాట విన్నాక "రేపు చెప్తా" అని పెద్దమ్మను ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చేశాను. పెద్దనాయన పోయినప్పటినుంచి, పిల్లలు లేని ఆమె నా దగ్గరే ఉంటున్నది.

పెద్దనాయనకు మైకుసెట్టు ఉండేది. మేమంతా ఒక్క ఇంట్లోనే ఉండేవాళ్లం. ఎండలు ముదిరి, గోడల మీద చెయ్యి పెడితే కాలే రోజుల్లో, మల్లట్, కవితాళ వైపు ఊళ్ల నుంచి పెళ్లివాళ్లు వచ్చి, అరుగు మీద కూర్చుని చాయ్ తాగి, తారీకు ఖాయం చేసుకుని పోయేవాళ్లు. బాకాలు, వైర్లు, ఆంప్లిఫయరు పెద్దనాయనవి. ప్లేట్లు మాత్రం పెద్దమ్మవి. తెలుగు, కన్నడం, ఉర్దూ, ఏ అక్షరమూ రాని ఆమె నడుమనున్న కాగితం రంగును బట్టి, అంచు మీది గీతను బట్టి ఏ ప్లేటు ఏదో చెప్పేది. పసుపు కొట్టేటప్పటివి పైన, తలంబ్రాలవి నడుమ, అప్పగింతలవి అడుగున, ఆ వరస ఆమెది. పాత ధోవతి గుడ్డతో ఒక్కొక్క ప్లేటునూ తుడుస్తూ సన్నగా పాడుకునేది. పొద్దున జొన్నరొట్టె తట్టినా ఆ పాట తాళానికే తట్టేది; ఆ చప్పుడుకు లేచి మేము వేడి రొట్టె, పుంటికూర, ఉల్లిగడ్డ ముక్కతో పొయ్యి ముందు కూర్చునేవాళ్లం. ఆడమనిషి మైకుసెట్టు వెంట పోతే నవ్వుతారని ఆమెను ఏ పెళ్లికీ తీసుకుపోలేదు. పెద్దనాయన గడప తొక్కగానే ఆమె అడిగే మొదటి మాట, "అప్పగింతల పాటకు ఏడ్చిన్రా?"

నాకు తొమ్మిదేళ్లప్పుడు, పోరుపెట్టి ఏడిస్తే, కవితాళ పెళ్లికి నన్ను తీసుకుపోయాడు. ప్లేట్ల ఇనుప పెట్టెను వేపచెట్టు నీడలో పెట్టి, మీద తడి గోనెపట్ట కప్పి, "నీడ జరిగితే పెట్టె జరుపు, గోనె ఆరితే నీళ్లు చల్లు. గిదొక్కటే నీ పని" అని, కావలసిన నాలుగు ప్లేట్లు తీసుకుని పందిట్లోకి పోయాడు. షర్బతు కోసం రాయచూరు నుంచి బస్సు మీద ఊకలో పొదిగి మంచుగడ్డ తెచ్చారు. దాన్ని పగలగొడుతున్న ఆమె నా మొహం చూసి కొబ్బరికాయంత ముక్క చేతిలో పెట్టింది. తన ప్లేట్లు మోగిన ఒక్క పెళ్లీ చూడని పెద్దమ్మకు ఆ మంచు తీసుకుపోవాలని నాకు బుద్ధి పుట్టింది. పెట్టె మీది గోనె లాగి, ముక్కను అందులో చుట్టి, పశువుల కొట్టం వెనక మూలన దాచి, దానికి కాపలా కూర్చున్నాను. విప్పి చూసినప్పుడల్లా అది చిన్నదైంది, నిమ్మకాయంత అయింది, చివరికి గోనె మిగిలింది. తిరిగి వచ్చేసరికి నీడ ఎప్పుడో జరిగిపోయింది, పెట్టె ఎండకు కాలి మూత మీద చెయ్యి ఆనలేదు. నీడలోకి తోసి, గోనె తడిపి, ముందున్నట్టే కప్పాను.

పెద్దనాయన వచ్చి పెట్టెలోంచి ప్లేటు తీసుకుపోయాక తలంబ్రాల పాట మొదలైంది. సూది గుట్ట ఎక్కి దిగినట్టు లేస్తూ పడుతూ, గొంతు సాగుతూ మూలిగింది. పందిరంతా నవ్వింది.

"ఏంది పెద్దమనిషీ, పాటకు కల్లు తాపినవా?" అన్నాడు మగపెళ్లివారిలో ఒకాయన.

ఒక్కొక్కటే తీసి చూస్తే, పెట్టెలో ఉన్నవన్నీ ఎండవేడికి వంగినవే. ఆ పెళ్లికూతురు పాట లేకుండానే అత్తింటికి పోయింది.

గోనె తడిగా, కప్పింది కప్పినట్టే ఉంది గనుక పెద్దనాయనకు ఒక్కటే అర్థమైంది. తప్పు ఇంట్లోనే జరిగింది. ఇంటికి రాగానే పెద్దమ్మను నిలదీశాడు.

"కడిగి ఎండల పెట్టినవు. లేకుంటే గిట్ల ఎట్లయితయి?"

"నీ పానం తోడు, నేను గుడ్డతోనే తుడిసిన."

"తడి గోనె నా కండ్లతో చూసిన. ఇంక ప్లేట్లు ముట్టకు. నీ చెయ్యి తగిల్తే పాడైతయి."

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు, అనలేదు. కొత్త ప్లేట్లు వచ్చాక తుడిచేది, వరస పెట్టేది ఆయనే. ఏడ్చిన్రా అని ఆమె అడగడం మానేసింది, పాడుకోవడమూ మానేసింది. ఆయన ఆ మాట అన్న మర్నాటి నుంచే రొట్టెల చప్పుడు ఉత్త చప్పుడైంది. పెద్దయి పత్రికలో చేరాను. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల తప్పులు రాశాను, మా తప్పులకు సవరణలు వేశాను. ఇది మాత్రం ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో గుండెలదిరే డీజే పెట్టెలున్నాయి. ఏ పాట తర్వాత ఏది రావాలో ఫోనే చూసుకుంటుంది. పెద్దమ్మ వరస తెలిసినవాళ్లెవరూ మిగల్లేదు.

ఆటో దిగిన సాయంత్రం, ఆమె చేటలో బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. చేట కదలడం ఆగింది.

"మంచుగడ్డ నాకా?"

"అవ్, పెద్దమ్మా."

"పిచ్చిదానివే. కవితాళ నుంచి బస్సుల ఆగుతదా?" అని నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. "మీ పెద్దనాయనకు ఎరుకేనా?"

అప్పుడు బస్సు గుర్తొచ్చింది. తిరుగుప్రయాణంలో ఆయన నా గౌను ముందుభాగం పట్టి చూసి, ఎట్ల తడిసిందని అడిగాడు. నీళ్లు ఒలికినయన్నాను. నా మొహం చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు, ఇంటికొచ్చి తప్పు పెద్దమ్మదే అన్నాడు. అదీ చెప్పాను.

"ఎంతసేపు చూసిండు?" అంది పెద్దమ్మ.

సాబ్ ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. కొందామా అంటే ఆమె అవుననీ అనదు, కాదనీ అనదు. అడిగేది ఆ ఒక్క మాటే. ఎంతసేపు చూశాడో నాకు గుర్తు లేదు.