కొమ్ములయ్యకు ఇచ్చిన గొంతు

పిల్లల ఛానల్లో రోజూ సాయంత్రం ఐదింటికి కొమ్ములయ్య అనే మేక వస్తుంది. ఒక కొమ్ము వంకర, ఒళ్ళంతా బద్ధకం, నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. పదకొండేళ్ళుగా ఆ మేకను గీసిందీ, ఆ మేక చేత మాట్లాడించిందీ ఒకే మనిషి. స్టూడియోలో ఆయన్ని బొమ్మల మాస్టారు అంటారు. బయట ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. మేకకు బస్తాల కొద్దీ ఉత్తరాలొస్తాయి గానీ, మేక వెనకాల మనిషికి ఎవరు రాస్తారు లెండి.

గొంతు చూపించి ఈ పనిలోకి వచ్చినవాడు కాదాయన. ఇరవై రెండో ఏట బొమ్మలకు రంగులు నింపడానికి చేరాడు. మూడేళ్ళు మేఘాలకూ, గోడలకూ, ఎవరూ చూడని చెట్టుకొమ్మలకూ రంగులేశాక, కదలికలు గీసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సెకనుకి పన్నెండు బొమ్మలు. మేక తల గోక్కుని "అబ్బా" అనడానికి ఒక పూట పట్టేది. ఆ గదిలో ప్రతి బల్ల మీదా చిన్న అద్దం ఉంటుంది. పెదాలు ఏ మాటకు కలుస్తాయో, ఏ మాటకు గుండ్రంగా తిరుగుతాయో తమ మూతినే చూసుకుంటూ గీస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు తలుపు తీసి చూస్తే, మీసాలున్న పెద్దమనుషులు పదిమంది అద్దాల ముందు మూతులు వంకర్లు తిప్పుకుంటూ కనిపించేవాళ్ళు. హడలిపోరూ మరి!

మేకకు గొంతివ్వాల్సిన నటుడు మొదటి వారమే ఎవరితోనో మాటా మాటా పెంచుకుని అలిగి వెళ్ళిపోయాడు. అద్దం ముందు ఆ డైలాగులన్నీ వెయ్యిసార్లు అనుకున్నవాడు మాస్టారు ఒక్కడే. "తాత్కాలికంగా ఒక్కరోజు చెప్పండి మాస్టారూ, తర్వాత ఎవర్నో ఒకర్ని చూద్దాం" అని నిర్మాత మేడమ్ ఆయన్ని మైకు ముందుకు నెట్టింది. ఆ ఒక్కరోజు పదకొండేళ్ళయింది.

నిజం చెప్పాలంటే, ఆయనకు జీవితంలో అంతకంటే సంతోషం కలిగించిన పని ఇంకోటి లేదు. చిన్నప్పటినుంచీ మితభాషి. పెళ్ళిచూపుల్లో కూడా తలాడించడంతోనే సరిపెట్టాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆ అమ్మాయి, ఇప్పటి ఆయన భార్య, "ఈయనకు మాటలొస్తాయా?" అని వాళ్ళ అక్కను అడిగిందట. అలాంటి మనిషి మేక అయ్యేసరికి పేట్రేగిపోయేవాడు. దెప్పేవాడు, గారాలు పోయేవాడు, పాటలు పాడేవాడు. ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తి వీడియో తీయబోతే చాలు, సిగ్గుతో మనిషి మాయమై మేక దిగేది. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. అప్పుడు అదొక ముచ్చట.

నాలుగేళ్ళ క్రితం ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. మిరియాలన్నారు, వేడినీళ్ళన్నారు. మూడు నెలలైనా తగ్గకపోయేసరికి భార్య చెయ్యి పట్టుకుని గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

"లోపల చిన్న కాయ ఉందండీ. రెండు నెలలు నోరు విప్పకండి. తర్వాత చిన్న ఆపరేషన్ చేసి తీసేస్తాను. పెద్ద విషయమేం కాదు" అన్నాడు డాక్టరు.

"రెండు నెలలా? మరి మేక ఏమైపోవాలి డాక్టరుగారూ?"

"మేక సంగతి నాకు తెలీదు సార్. నేను మనుషుల డాక్టర్ని."

భయపడుతూనే మర్నాడు స్టూడియోకి వెళ్ళాడు, మేడమ్‌కి విషయం చెప్పేద్దామనే. ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ ఎదురొచ్చింది. "మాస్టారూ! ఈ జీర ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ? పిల్లలు పడి చస్తున్నారు. ముసలి మేక చలికాలంలో వణుకుతూ మాట్లాడినట్టుంది. ఇదే ఉంచండి, దయచేసి మార్చకండి" అంది. ఈయన చెప్పదల్చుకున్నది మింగేసి తలాడించాడు.

ఇక్కడే ఆయన మీద నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క మాట చెప్తే అయిపోయేది కదా! చెప్పలేదు. మరో గొంతును వెతుక్కుంటారేమోనని భయం. అది ఒక్కటే కాదు, బొంగురు గొంతును పొగుడుతుంటే లోలోపల సంబరం కూడా. మాట మధ్యలో ఊపిరి అందకపోతే, ఆ ఖాళీలో మేకను వెనక్కి తిప్పి ఆకు నమిలించేవాడు. దగ్గు ఆగకపోతే మేక గుంటలో పడిపోయేది. బొమ్మ గీసే పెన్సిలు తన చేతిలోనే ఉందాయె, అడిగేవాడెవడు? రోగాన్ని బొమ్మలతో అంత చక్కగా కప్పిపుచ్చిన మనిషి ఇంకొకడు ఉండడు. మేక ఈ మధ్య భలే కొత్తగా నటిస్తోందని పత్రికలో కూడా రాశారు.

భార్య నాలుగేళ్ళూ చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. "ఈ సీజన్ అవనీ" అనేవాడు. ఆ సీజన్ అయ్యేది, ఇంకోటి మొదలయ్యేది. మేకకు పనికొస్తుందని ఇంట్లో గొంతు పొదుపు చేయడం మొదలుపెట్టాడు. పక్కగదిలో ఉన్న భార్యకు ఫోన్లో మెసేజ్ టైపు చేసేవాడు. కూతురితో మాత్రం మాట్లాడకుండా ఉండలేకపోయేవాడు. దానికప్పుడు రెండేళ్ళు, ఇప్పుడు ఆరు.

ఈ ఏడాది వేసవిలో అన్నం మింగుతుంటే ముల్లు గుచ్చినట్టయింది. ఈసారి ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరు కాగితం బల్ల మీద బోర్లించి పెట్టి, భార్య వైపు చూసి చెప్పాడు. "ఇది అప్పటి కాయ కాదమ్మా. ముదిరిపోయింది. గొంతు పెట్టె మొత్తం తీసేయాలి. మనిషి దక్కుతాడు. గొంతు దక్కదు. తర్వాత మిషన్ పెట్టుకుని మాట్లాడొచ్చు గానీ, అది ఈ గొంతు కాదు."

ఆపరేషన్‌కి పది రోజుల గడువిచ్చారు. భార్య ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. ఆయన ఏడవలేదు. అప్పటికే బుర్రలో లెక్కలు వేస్తున్నాడు, కొమ్ములయ్యకు ఇంకా ఎన్ని మాటలు కావాలా అని.

విషయం తెలిసి మేడమ్ కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెడ్డ మనిషేం కాదు పాపం. "బాగయ్యాక బొమ్మ ఎలాగూ మీరే గీస్తారు. గొంతు ఈలోపు వీలైనంత దాచుకుందామా మాస్టారూ? మీకు ఇష్టమైతేనే" అంది. ఇష్టమా! ఆయనే జాబితా రాసుకుని వెళ్ళాడు. నవ్వులు ఇరవై రకాలు. తుమ్ములు ఆరు. "నేను రాను పో", "ఆకలేస్తోంది", "ఎవరక్కడ?", "పడిపోయానర్రా" – కోపంగా ఒకసారి, గారంగా ఒకసారి, నిద్రమత్తులో ఒకసారి. పొద్దున తొమ్మిదికి సౌండ్ గదిలోకి వెళ్తే సాయంత్రానికి బయటికొచ్చేవాడు. గాజు గోడ అవతల రికార్డు చేసే సౌండాయన కూర్చునేవాడు. ఏ చుట్టరికమూ లేకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళు. "బావా, ఇవాల్టికి చాలు, రక్తం పడుతోంది" అని సౌండాయన మొత్తుకుంటే, ఈయన వేలు పైకెత్తి ఇంకొక్కటి అనేవాడు.

ఐదోరోజు భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మేకకి ఇరవై రకాల నవ్వులు దాస్తున్నారు. మాకేం దాస్తున్నారు?"

"ఇంకా మూడు రోజులేనోయ్. ఆఖరి రెండు రోజులూ మీకే. పొద్దున్నించి పడుకునేదాకా మాట్లాడుకుందాం. పిల్లకి ఎన్ని కథలు కావాలంటే అన్ని చెప్తాను."

"ఒట్టా?"

"ఒట్టు."

ఎనిమిదో రోజు ఆఖరున మేక ఏడుపు మిగిలింది. పదకొండేళ్ళలో కొమ్ములయ్య ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎప్పుడైనా అవసరమైతే ఉండాలి కదా అని మాస్టారే జాబితాలో చేర్చాడు. మొదటిసారి చేశాడు, నచ్చలేదు. రెండోసారి చేశాడు. నాలుగోసారి గుండెలు పగిలేలా ఏడ్చాడు. సౌండాయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేసి మొహం తిప్పుకున్నాడు. ఏడుపు పూర్తయ్యాక మాస్టారు "బాగొచ్చిందా బావా?" అని అడగబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ గాలే.

ఆఖరి రెండు రోజులూ ఆయన నోట ఒక్క మాట రాలేదు. భార్య ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నా పేరు ఒక్కసారి పిలవండి చాలు" అని బతిమాలింది. ఆయన మెడ నరాలు ఉబ్బేలా గింజుకున్నాడు. తర్వాత తిట్టింది. నోటికొచ్చినట్టు తిట్టి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ఎత్తి కుదేసింది. ఆవిడది తప్పంటే నేనొప్పుకోను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి దక్కాడు. మెడలో చిన్న కన్నం, దాని మీద పల్చటి గుడ్డ, చొక్కా జేబులో ఒక పుస్తకం, పెన్సిలు. రెండు నెలలకు మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. సాయంత్రం ఐదయ్యేసరికి హాల్లో టీవీలోంచి కొమ్ములయ్య "ఎవరక్కడ?" అని అరుస్తుంటే, భార్య పెదవి కొరుక్కుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయేది. పిల్ల మాత్రం కిలకిలా నవ్వేది.

కొన్నాళ్ళకు భార్యకు ఒక పిచ్చి పట్టుకుంది. ఆయన గొంతు కావాలి. మేకది కాదు, ఆయనది. పాత ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టింది. పుట్టినరోజుల వీడియోలు, బీచ్ వీడియోలు, అక్క కొడుకు పెళ్ళి వీడియో. అన్నింటిలోనూ ఫోన్ ఆయన వైపు తిరగ్గానే మేక. వాయిస్ మెసేజిలు వెతికింది. మొదట్లో మొహమాటమని, తర్వాత గొంతు పొదుపని అన్నీ టైపు చేసినవే. పదమూడేళ్ళ కాపురంలో ఆ మనిషి తన గొంతుతో మాట్లాడిన మాట ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. ఆయన పుస్తకంలో "క్షమించు" అని రాసి చూపించాడు. ఆవిడ ఆ కాగితం చింపి ఉండ చుట్టి, మళ్ళీ విప్పి బీరువాలో పెట్టుకుంది.

చివరికి సౌండాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన తల పట్టుకున్నాడు. "మధ్యలో మాట్లాడుకున్నవన్నీ తీసేస్తానమ్మా, ఏ రోజుకారోజు. డైలాగు తప్ప వేరే చప్పుడు ఉండనివ్వను. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి. నా చెయ్యి విరిగిపోను!"

అయినా సౌండాయన ఊరుకోలేదు. వారం రోజులు పాత సామాన్ల గదిలో దుమ్ములో కూర్చుని, మాస్టారు మైకు ముందుకు కొత్తగా వచ్చినప్పటి, ఏదీ తీసేయకుండా ఉండిపోయిన టేపులన్నీ తిరగేశాడు. ఆదివారం పొద్దున్నే ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "దొరికిందమ్మా. పదిహేడు సెకన్లు" అన్నాడు.

హాల్లో అందరూ కూర్చున్నారు. కూతురు ఆయన ఒళ్ళోకి ఎక్కింది. సౌండాయన చిన్న స్పీకరు బల్ల మీద పెట్టి బొత్తాం నొక్కాడు.

"ఆగాగు బావా, తప్పు నాదే. ఇక్కడ అద్దంలో మూతి కనపడ్డంలేదుగా, అందుకే మాట తడబడింది." ఆ తర్వాత చిన్న నవ్వు. "తొందరగా కానీ. మా ఆవిడ కోసం వెళ్ళాలి, దుకాణం మూసే టైమైంది. ఆలస్యమైతే నన్ను చంపేస్తుంది. సరే, పద."

తేటగా ఉంది గొంతు. ఎక్కడా జీర లేదు. భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఇంకోసారి పెట్టండన్నయ్యా" అంది. ఇంకోసారి పెట్టాడు.

రెండోసారి అయ్యాక పిల్ల తలెత్తి చూసింది.

"ఎవరు నాన్నా ఈ అంకుల్?"

మాస్టారు తన గుండెల మీద వేలు పెట్టి చూపించాడు, నేనే అని. పిల్ల నవ్వేసింది.

"పో నాన్నా! నువ్వు కాదు. నీ గొంతు నాకు తెలీదా ఏంటి?"

ఆయన మళ్ళీ చూపించాడు. ఒకటికి రెండుసార్లు గట్టిగా తట్టుకుని చూపించాడు. పిల్ల తల అడ్డంగా ఊపి, నాన్నకు గుర్తుచేద్దామని కాబోలు, గొంతు బొంగురుగా చేసి, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతూ, "అన్నం... తిన్నావా... తల్లీ" అంది. "ఇదీ నీ గొంతు" అంది.

అచ్చం అలాగే ఉంది. ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది, చప్పుడు రాలేదు. పిల్లను గట్టిగా పట్టుకుని, మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతుండగా అలాగే కూర్చుండిపోయాడు.