గాలికి పండుగ లేదన్న మా సార్

మా సార్ పోయారు. పోయిన బుధవారం పొద్దున్నే నల్గొండ నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. ఆమెను మేం శిష్యులమంతా అమ్మా అనే పిలుస్తాం. "చాయ్ తాగిండు, పేపర్ చదువుకుంట కుర్చీలనే వోయిండు బిడ్డా," అన్నారు. బతికినన్నాళ్లూ ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి, పోయేటప్పుడు కూడా ఎవరినీ దవాఖానల చుట్టూ తిప్పలేదు.

మీలో చాలామంది ఆయన గురించి విని ఉండరు. పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టి, రసాయనశాస్త్రం చెప్పి, నా పరిశోధనకు గైడుగా ఉన్నారు. హైదరాబాదు గాలిలో ఓజోన్ ఎప్పుడు పెరుగుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో ముందుగా చెప్పే మోడల్, అంటే కంప్యూటర్ లెక్క, ఒకటి కట్టారు. దానికి పదకొండేళ్లు పట్టింది. అది చెప్పే మాటను ఎంతవరకు నమ్మవచ్చో పరీక్షించడం నా పని.

ఓజోన్ ఏ గొట్టంలోంచీ రాదు. బండ్ల పొగ, పెట్రోలు ఆవిరి, రంగుల వాసన ఎండలో కలిసి ఉడికితే పుడుతుంది. కంటికి కనబడదు, ఊపిరితిత్తులను మాత్రం వదలదు. పట్నంలో తయారై గాలివాటున మన చేల దాకా వస్తుంది. సార్ ఎవరింటికి వెళ్లినా ముందు పెరట్లో చిక్కుడు పాదు దగ్గరికి నడిచి, ఓజోన్ ఆకుల మీద వేసే మచ్చలు వెతికేవారు. "పట్నం మీ పెరట్లకొచ్చింది, చూసిండ్రా?" అనేవారు. పాపం ఆ ఇంటివాళ్లు ఏ చుట్టం వచ్చాడో అని వాకిలి వైపు చూసేవారు.

"సరిపోయిందనంగనే సంబురపడకు. ఎందుకు సరిపోయిందో అడుగు." ఈ మాట ఆయన నోట వెయ్యిసార్లు విన్నాను. "పప్పుల ఉప్పు సరిపోయిందన్నా గిట్లనే అడుగుతడు గీయన," అని అమ్మ ఎత్తిపొడిచేవారు. సార్ నవ్వి ఇంకో ముద్ద కలుపుకునేవారు.

ఒక ఏడాది, నగరంలో ఓజోన్ కొలిచే యంత్రాల అంకెలను, మోడల్ లెక్కలను పక్కపక్కన గీసి తెచ్చాను. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడుకున్నట్టే ఉన్నాయి. నా సంతోషం అంతా ఇంతా కాదు. సార్ కళ్లద్దాలు పైకి నెట్టి, కాగితం మీద ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టారు.

"గీ నాలుగు రోజులు యాడికి వోయినయి?"

"దసరా కద సార్. పట్నమంతా ఊర్లకు వోయింది. పండుగ రోజులని లెక్కల పెట్టలే."

"గాలికి పండుగ ఉంటదా బిడ్డా?"

నాకు సిగ్గేసింది. మన దగ్గర దసరాకు అన్నీ మూతపడతాయి కదా, గాలికి కూడా నేనే సెలవిచ్చేశాను. ఆ నాలుగు రోజులూ కలిపి మళ్లీ చూశాం. రోడ్లు ఖాళీ కాబట్టి ఓజోన్ తగ్గుతుందని మోడల్ అంటోంది. యంత్రాలేమో పెరిగిందని చూపిస్తున్నాయి.

బండ్ల పొగలోనే ఓజోన్‌ను తినేసే వాయువు ఒకటి ఉంటుంది. పొగ ఒక్కటే తగ్గి మిగతా ఆవిర్లు అలాగే ఉంటే, నగరం నడిబొడ్డున ఓజోన్ పైకి లేవగలదు. ఈ సంగతి సార్ మోడల్‌లోనూ ఉంది, కానీ ఆవిర్ల వాటా తప్పుగా పడింది. మామూలు రోజుల్లో లెక్కలోని ఇంకో తప్పు దాన్ని కప్పేసింది.

ఆ వారంలోనే అధికారులతో సమావేశం. ఈ మోడల్‌నే నమ్మి, బండ్ల మీద మాత్రమే ఆంక్షలు పెట్టే పథకం రాస్తున్నారు. అది అమలైతే నడిబొడ్డున ఓజోన్ తగ్గకపోగా పెరగవచ్చు. సార్ రాసిన నివేదిక అప్పటికే వాళ్ల చేతుల్లో ఉంది.

"ఒక్క అంకె మారిస్తే దసరా కూడ సరిపోతది సార్," అన్నాను మెల్లగా. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

సార్ కోప్పడలేదు. "మా బాపు చిటికి కట్టేటోడు. నూలుకు రంగు వెయ్యకముందు కట్టే ముడి. గాడ తప్పు వోతే మగ్గం మీద ఎంత గుంజినా పువ్వు కుదురదు. మల్ల మొదటికెళ్లి కట్టుడే," అన్నారు. పదకొండేళ్ల పని! నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం "తప్పు మంచిగ దొరికింది," అన్నారు.

సమావేశంలో లేచి నిలబడి, "నా లెక్క తప్పు. పట్టింది గీ బిడ్డ," అని నన్ను చూపించారు.

ఒక పెద్ద అధికారి ఊరడించబోయాడు. "మిగతా రోజులన్నీ సరిపోయినయి కదా సార్?"

"మామూలు రోజు సంగతి యంత్రమే చెప్తది. మారిస్తే ఏమైతదో చెప్పుమనే గద మీరు నన్ను అడిగిండ్రు. గది చెప్పలేకపోతే గా లెక్క మీకెందుకు?"

ఆ పథకం ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టడానికి మాకు మూడేళ్లు పట్టింది, నా పట్టా కూడా అంతే ఆలస్యమైంది. ఆకాశాన్ని లెక్కగట్టగల తెలివి చాలా గొప్పదే, కాదనను. కానీ నేను ఈ జన్మలో చూసినవాటన్నిటికంటే పెద్ద వింత ఆ సమావేశం రోజు మధ్యాహ్నం చూశాను.

సార్ చేతిలో గుడ్డసంచితో ఆ పొడుగాటి బల్ల చుట్టూ నడిచారు. ఒక్కొక్క అధికారి దగ్గర ఆగి, తన నివేదికను అడిగి తీసుకుని సంచిలో వేసుకున్నారు. ఒక్క ప్రతి కూడా వదల్లేదు. నల్గొండ బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్నారు. బస్సు నగరం శివారున ఉన్న హయత్‌నగర్ దాటకముందే, ఎండ ముఖం మీద పడుతున్నా కదలకుండా, హాయిగా నిద్రపోయారు.