నవల నడుమ కోళ్ల పెంపకం

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షాపుల షట్టర్లు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ నడుం నొప్పి పుట్టేదాకా వెతికి, తర్వాత నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ 'ఇప్పుడేం చదువుతున్నారు?' అని ఒకరినొకరం అడగడం మాకు ఏళ్ల నాటి అలవాటు. మేమంటే ముగ్గురం. రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన, మందుల షాపాయన ఒకడు, నేను. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంట్లో నా మాట ఎవరూ వినరు కాబట్టి పెద్దరికమంతా ఆ బల్ల దగ్గరే చేస్తాను.

మాకొక పద్ధతుంది. ఒకరు మెచ్చిన పుస్తకాన్ని మిగతావాళ్లు వరసగా చదవాలి. చదివినవాళ్లు వెనకట్ట లోపల అంటించిన కాగితం మీద ఒక ముక్క రాసి పక్కవాళ్లకివ్వాలి. వినడానికి భలే ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ముందువాళ్లు రాసింది చూసి దానికి కాస్త ఉప్పూకారం తగిలించడమే మాలో ఎక్కువ.

కిందటి చలికాలంలో నేనొక నవల కొన్నాను. భర్త పోయాక కుట్టుమిషన్ మీద బతికే ఒక టైలరమ్మ కథ. మొదటి ముప్పై పేజీలు చదివాను, చివరి రెండు పేజీలు చదివాను. మధ్యలో పరీక్ష పేపర్లు దిద్దే పని నెత్తిన పడింది. అయినా సిగ్గులేకుండా 'కన్నీళ్లు ఆగలేదు' అని రాసి పారేశాను. వారం తిరిగేలోపే లెక్చరర్ గారు 'శిల్పం అపూర్వం' అన్నారు. మందుల షాపాయన 'ఒక్క బిగిన చదివాను' అని రాశాడు. షాపులో కూర్చుని ఆయన ఒక్క బిగిన చేసేది కునుకు తీయడమొక్కటే.

సరిగ్గా అప్పుడే కండక్టరమ్మ తగిలింది. సిటీ బస్సులో డ్యూటీ, సొంతూరు మెదక్ వైపు. ఫుట్‌పాత్ మీద నా పక్కన నిలబడి చాలాసేపు తటపటాయించి, చివరికి నోరు తెరిచింది.

"అక్కా, చదువుడు ఇడిసిపెట్టి మస్తు ఏండ్లాయె. మల్ల షురూ చేద్దామనుకుంటున్న. మంచి పుస్తకం ఏదన్న చెప్పరాదు?"

నన్నెవరైనా ఆ మాట అడిగితే ఇక నాకు పట్టపగ్గాలుండవు. హోటల్‌కి లాక్కెళ్లి ఆ నవల చేతిలో పెట్టాను. "ఇది చదవకపోతే బతుకే వేస్టమ్మా" అని కూడా అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉంటేగా!

రెండు ఆదివారాలు ఆమె పత్తా లేదు. మూడో ఆదివారం హోటల్‌కి వచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడింది.

"మాఫ్ చేయండ్రి అక్కా. బడిల మా సార్ అంటుండె, నీ తలకాయల మట్టే ఉన్నదని. నిజమే గావచ్చు. ఇగ పుస్తకాలు నాతోని కావు. నేను రాను."

"ఏమైందమ్మా?"

"సగం దాంక మంచిగనే సమజైంది. టైలరమ్మ మిషన్ అమ్మెటందుకు పోతది. గాడికెల్లి కోళ్లొచ్చినయ్. కోడిపిల్లలకు టీకాలు ఎప్పుడెయ్యాలె, దాణా ఎట్ల కలపాలె, అంతా గదే. గది అయిపోంగనే చూస్తే టైలరమ్మ జైల్ల ఉన్నది! కోళ్లకూ జైలుకూ సంబంధం ఏందని మూడుసార్లు చదివిన. దొరకలే. మీరందరేమో గంత మంచిగ రాసిన్రు."

నేను ఇంకా తేరుకోలేదు, లెక్చరర్ గారు గొంతు సవరించుకున్నారు. "అదంతా ప్రతీకాత్మకం అమ్మా. కోడి అంటే ఇక్కడ స్త్రీ. గూడు అంటే సంసారం. టీకా అంటే..." అక్కడ ఆయనకి ఊపిరాడలేదు. "సమాజం" అని అందించాడు మందుల షాపాయన.

"ఔనా సార్. గంత లోతు నాకేడ తెలుస్తది" అంది ఆమె. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నేను పుస్తకం తెరిచి చూశాను. బైండింగ్ చేసిన మహానుభావుడెవడో నవల్లో పదహారు పేజీలు ఎగరగొట్టి, అక్కడ కోళ్ల పెంపకం పుస్తకంలోవి పెట్టి కుట్టేశాడు. పేజీల నంబర్లు కూడా వరస తప్పలేదు. నోరు మూసుకుంటే నా పెద్దరికం నాకుండేది. ఆమె తన తలలో మట్టే ఉందనుకుంటూ వెళ్లిపోయేది, జన్మలో మళ్లీ పుస్తకం ముట్టేది కాదు. లెక్చరర్ గారు నా వైపు చూసి చెప్పొద్దని కళ్లతోనే సైగ చేశారు. అది చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"స్త్రీ లేదు, సంసారం లేదు, నా మొహం లేదు! ఇవి నిజం కోళ్లే. ఇది వేరే పుస్తకం, తప్పు కుట్టారు. నేనిది చదవలేదమ్మా. చదివిందానివి నువ్వొక్కదానివే."

పక్క బల్లవాళ్లు చాయ్ ఆపి మమ్మల్ని చూశారు.

"మరి కన్నీళ్లు ఆగలేదని రాసిన్రు గద?" అంది ఆమె.

"అబద్ధం."

ఆమె లెక్చరర్ గారి వైపు తిరిగింది. "సార్, మీరు ఏ పేజీ కాడ దిగిన్రు?" బస్సులో టికెట్ లేనివాణ్ని నిలదీసే గొంతు అది. ఆయన ఖాళీ కప్పు ఎత్తి చాయ్ తాగబోయారు. మందుల షాపాయన అడక్కముందే "ఇరవై" అని ఒప్పేసుకున్నాడు.

ఇప్పుడైనా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నాకు నిద్ర పట్టలే అక్కా. డ్యూటీల గదే ఫికర్. కోఠి వస్తే అఫ్జల్‌గంజ్ అని ఒర్రిన. తలకాయ పని చేస్తలేదనుకున్న. మీరేమో చదవకుండనే రాసిన్రు."

అని గిర్రున తిరిగి వెళ్లిపోయింది. ఆమె కోసం చెప్పిన చాయ్ చల్లారిపోయింది. ఆ రోజు ఏం చదువుతున్నామో మాలో ఎవరం ఎవరినీ అడగలేదు.

తర్వాతి ఆదివారం ఆబిడ్స్‌లో నేను పుస్తకాలు వెతకలేదు, ఆమె కోసం వెతికాను. ఒక చివర గొంతుక్కూర్చుని కనిపించింది. ఒళ్లో లావుపాటి నవల. వేలు తడి చేసుకుంటూ, మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్కో కాగితం తిప్పి చూసి, తృప్తిపడి, కొనుక్కుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మంచిదేనా? చదివాక నాకివ్వమ్మా" అని చెయ్యి చాపాను.

ఆమె పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది.

"మీకియ్య అక్కా" అంది, కోపమేమీ లేకుండా. "మీరు చదువరు."